కుటుంబ సంక్షేమ సాయం – పిల్లల సంఖ్య

కుటుంబాలకు ప్రభుత్వం అందించే నగదు, బియ్యం, ప్రసూతి సెలవు, పన్ను రాయితీ వంటి సాయం ఇంట్లోని పిల్లల సంఖ్యను బట్టి మారాలా, మారితే పెరగాలా తగ్గాలా, ఒక సంఖ్య దగ్గర ఆగిపోవాలా అన్నది సంక్షేమ విధానంలో రెండు వందల ఏళ్లకు పైగా నలుగుతున్న ప్రశ్న. పేదరికం, జనాభా విధానం, స్త్రీల హక్కులు, ఖజానా భారం అనే నాలుగు అంశాలు ఇక్కడ ఒకదానికొకటి అడ్డం పడతాయి. జనాభా పెరిగిపోతోందని భయపడిన కాలంలో ప్రభుత్వాలు మూడో బిడ్డకు సాయం ఆపాయి. జననాలు తగ్గిపోతున్నాయని భయపడిన కాలంలో అదే మూడో బిడ్డకు అదనంగా ఇచ్చాయి. ఆ బిడ్డకు కావలసిన తిండి, చదువు, వైద్యం మాత్రం రెండు కాలాల్లోనూ ఒకటే.

కాబట్టి రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. బిడ్డ పోషణకు ఎంత కావాలి అన్నది మొదటిది. ఎందరిని కనాలో దంపతులకు ప్రభుత్వం డబ్బు చూపించి చెప్పవచ్చా అన్నది రెండోది. ఒకే పథకంతో రెండింటికీ జవాబు చెప్పబోయిన చోట బిడ్డకు అందాల్సిన సాయం తల్లిదండ్రులకు శిక్షగానో బహుమానంగానో మారిపోయింది.

పద్ధతులు

సాయాన్ని లెక్కకట్టే పద్ధతులు ప్రధానంగా అయిదు. మొదటిది ఇంటికింత అని ఇవ్వడం. అంత్యోదయ అన్న యోజన కార్డుకు ఇంట్లో ఎందరున్నా నెలకు 35 కిలోల ధాన్యం ఇస్తారు. రెండోది తలకింత లేదా బిడ్డకింత అని ఇవ్వడం. జర్మనీలో మూడో, నాలుగో బిడ్డకు కొంత ఎక్కువ ఇచ్చే పాత పద్ధతిని వదిలి, 2023 జనవరి నుంచి ప్రతి బిడ్డకూ నెలకు 250 యూరోల చొప్పున సమానంగా ఇవ్వడం మొదలుపెట్టారు. మూడోది బిడ్డకింత అంటూనే ఒక సంఖ్య దగ్గర ఆపేయడం. నాలుగోది బిడ్డ వరుసను బట్టి మొత్తాన్ని మార్చడం. ఫ్రాన్సులో సాధారణ కుటుంబ భత్యం రెండో బిడ్డ పుట్టాకే మొదలై, మూడో బిడ్డతో బాగా పెరుగుతుంది. స్వీడన్‌లో బిడ్డకింత అని ఇచ్చే సమాన భత్యం మీద పెద్ద కుటుంబాలకు అదనపు మొత్తం కలుస్తుంది. అయిదోది అనర్హత. అంటే, పిల్లలు నిర్ణీత సంఖ్య దాటితే కుటుంబం మొత్తానికీ ఆ ప్రయోజనం పోతుంది. అన్నిటిలోకీ కఠినమైనది ఇదే. ముందు పుట్టిన పిల్లల వాటా కూడా తర్వాత పుట్టిన బిడ్డ కారణంగా పోతుంది.

అవసరాన్ని కొలవడం

పిల్లలు పెరిగేకొద్దీ ఇంటి ఖర్చు పెరుగుతుంది గాని, అదే నిష్పత్తిలో పెరగదు. ఇంటి అద్దె, గ్యాసు పొయ్యి, కరెంటు దీపం అందరూ పంచుకుంటారు. అన్నం, పాలు, మందులు, పరీక్ష ఫీజు ఎవరివి వారికే కావాలి. ఈ తేడాను పట్టుకోవడానికి అర్థశాస్త్రవేత్తలు తూనికలు వాడతారు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ దేశాల్లో విస్తృతంగా వాడే సవరించిన తూనికలో మొదటి పెద్దవారికి 1, రెండో పెద్దవారికి 0.5, 14 ఏళ్లలోపు ప్రతి బిడ్డకూ 0.3 లెక్క. దీని ప్రకారం తల్లి, తండ్రి, ఒక బిడ్డ ఉన్న ఇంటి అవసరం 1.8 అయితే, ముగ్గురు బిడ్డలున్న ఇంటి అవసరం 2.4. అంటే మూడో వంతు ఎక్కువ. రెండిళ్లకూ ఒకే మొత్తం ఇస్తే పెద్ద కుటుంబం ఆ మేరకు వెనకబడుతుంది.

ఈ తూనిక సంపన్న దేశాల ఇళ్లను చూసి చేసింది. ఆదాయంలో ఎక్కువ భాగం తిండికే పోయే ఇంట్లో పంచుకోగలిగే ఖర్చు తక్కువ. అక్కడ ఒక్కో బిడ్డకు అసలు అవసరం 0.3 కంటే ఎక్కువే ఉంటుంది. పేద ఇంటికి పెద్ద సంసారం కలిసివస్తుందన్న అంచనా అందుకే తిండి విషయంలో నిలవదు.

జీతం ఎప్పుడూ పిల్లల సంఖ్యను చూడదు. భారతదేశంలో 1957 నాటి 15వ భారత కార్మిక సమావేశం కనీస వేతనానికి ప్రాతిపదికగా ఒక సంపాదనపరుడి మీద మూడు వినియోగ యూనిట్ల కుటుంబాన్ని తీసుకుంది. భర్తకు 1, భార్యకు 0.8, ఇద్దరు పిల్లలకు చెరి 0.6 కలిపితే 3 అవుతుంది. మూడో బిడ్డకు ఈ లెక్కలో చోటు లేదు. ఒంటరి కార్మికుడికీ అయిదుగురు పిల్లలున్న కార్మికుడికీ అదే కూలి వస్తుంది. జీతం చేయలేని ఈ సర్దుబాటును సమాజం చేయాలన్నదే కుటుంబ భత్యాల వెనక ఉన్న మూల ఆలోచన.

చరిత్ర

1795 మే నెలలో ఇంగ్లండులోని బెర్క్‌షైర్ కౌంటీ న్యాయాధికారులు స్పీన్‌హామ్‌లాండ్‌లోని పెలికన్ సత్రంలో సమావేశమై ఒక పట్టిక తయారుచేశారు. యుద్ధకాలంలో రొట్టె ధర మండిపోతున్న రోజులవి. పెద్ద రొట్టె ధర ఒక షిల్లింగు ఉన్నప్పుడు కూలివాడికి వారానికి 3 షిల్లింగులు, భార్యకూ మిగతా కుటుంబ సభ్యులకూ తలకు ఒకటిన్నర షిల్లింగు చొప్పున అందాలని, కూలి చాలకపోతే లోటును పేదల పన్ను నుంచి పూడ్చాలని నిర్ణయించారు. రొట్టె ధర పెరిగితే ఈ మొత్తమూ పెరుగుతుంది. సాయాన్ని కుటుంబ పరిమాణానికీ తిండి ధరకూ ముడిపెట్టిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ ఇది.

మూడేళ్ల తర్వాత, 1798లో, థామస్ మాల్తూస్ జనాభా సిద్ధాంత గ్రంథం వెలువడింది. పిల్లల లెక్కన సాయం చేస్తే పేదలు పోషించుకునే శక్తి లేకున్నా పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కంటారని, పేదరికం ఇంకా పెరుగుతుందని ఆయన వాదించాడు. 1834లో బ్రిటన్ తెచ్చిన కొత్త పేదల చట్టంలో ఈ ఆలోచన ప్రభావం ఉంది. పని చేయగల వారికి ఇంటి దగ్గర సాయం ఆపి, వర్క్‌హౌస్‌లో చేరితేనే తిండి పెట్టే విధానానికి ఆ చట్టం దారితీసింది. నేటికీ పిల్లల సంఖ్య మీద పరిమితి కోరేవారు చేసేది ప్రధానంగా మాల్తూస్ వాదమే.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ చర్చను మలుపు తిప్పిన వ్యక్తి ఎలినార్ రాత్‌బోన్. 1924లో ఆమె రాసిన ‘ది డిసిన్‌హెరిటెడ్ ఫ్యామిలీ’ గ్రంథం, అందరికీ ఒకే ‘కుటుంబ వేతనం’ అన్న భావనను సూటిగా ప్రశ్నించింది. ముగ్గురు పిల్లల కుటుంబాన్ని సగటుగా ఊహించుకుని జీతం కడితే, పిల్లలు లేనివారికి అది ఎక్కువవుతుంది, పెద్ద కుటుంబానికి చాలదు. కాబట్టి భత్యం నేరుగా పిల్లల పేరిట, తల్లి చేతికి అందాలని ఆమె కోరింది. 1942 నాటి బెవరిడ్జ్ నివేదిక ఈ ఆలోచనను స్వీకరించింది. 1945లో కుటుంబ భత్యాల చట్టం వచ్చింది. డబ్బు తండ్రికి ఇవ్వాలని బిల్లులో ఉంటే, పార్లమెంటు సభ్యురాలిగా రాత్‌బోన్ పోరాడి తల్లికి అందేలా మార్పించింది. 1946 జనవరిలో ఆమె చనిపోయింది. అదే ఏడాది ఆగస్టులో తొలి చెల్లింపులు మొదలయ్యాయి. వారానికి 5 షిల్లింగులు, అదీ రెండో బిడ్డ నుంచి. ఒక బిడ్డను పోషించడానికి జీతం సరిపోతుందన్నది ప్రభుత్వం లెక్క. మొదటి బిడ్డకు కూడా వర్తించే చైల్డ్ బెనిఫిట్ 1977లో అమలులోకి వచ్చింది.

దాదాపు అదే కాలంలో ఇతర దేశాలు వేరువేరు గీతలు గీశాయి. కెనడా 1945లో మొదటి బిడ్డ నుంచే ఇచ్చింది, కాని అయిదో బిడ్డ నుంచి మొత్తం తగ్గించింది. 1949లో ఆ కోతను ఎత్తేసింది. పశ్చిమ జర్మనీ 1955లో మూడో బిడ్డ నుంచి మొదలుపెట్టి, 1961లో రెండో బిడ్డకు, 1975లో మొదటి బిడ్డకు విస్తరించింది. 1952 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 102వ ఒప్పందం కుటుంబ భత్యాల కనీస స్థాయిని పిల్లల మొత్తం సంఖ్యతో గుణించి లెక్కగట్టింది. సాయం పిల్లల సంఖ్యతోపాటు పెరగాలన్నది అప్పటికే అంతర్జాతీయ ప్రమాణమైంది.

బ్రిటన్‌లో ఇద్దరు పిల్లల పరిమితి

రాత్‌బోన్ దేశంలోనే 2015లో ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఇద్దరు పిల్లల పరిమితిని ప్రకటించాడు. 2017 ఏప్రిల్ 6న గాని ఆ తర్వాత గాని పుట్టిన మూడో బిడ్డకూ, తర్వాతి పిల్లలకూ చైల్డ్ టాక్స్ క్రెడిట్‌లో, యూనివర్సల్ క్రెడిట్‌లో పిల్లల వాటా లేకుండా పోయింది. ప్రతి బిడ్డకూ వర్తించే చైల్డ్ బెనిఫిట్ మాత్రం కొనసాగింది. సొంత సంపాదన మీద బతికేవారు ఎందరిని కనాలో ఖర్చు చూసుకుని నిర్ణయించుకుంటారు కాబట్టి, సాయం పొందేవారూ అలాగే నిర్ణయించుకోవాలన్నది ప్రభుత్వ వాదన.

దీనివల్ల ఒక కుటుంబానికి ఒక్కో బిడ్డ మీద ఏడాదికి సుమారు 3,500 పౌండ్ల దాకా నష్టం జరిగింది. 2024 ఏప్రిల్ నాటికి ఈ పరిమితి ప్రభావం పడిన ఇళ్లలో సుమారు 16 లక్షల మంది పిల్లలున్నారు. ఆ ఇళ్లలో సగానికి పైగా చోట్ల కనీసం ఒకరు ఉద్యోగం చేస్తున్నవారే. కవలలు, దత్తత, బంధువుల పిల్లల సంరక్షణ వంటి సందర్భాలకు మినహాయింపులు పెట్టారు. బలాత్కారం వల్ల గర్భం దాల్చిన స్త్రీకి కూడా మినహాయింపు ఉండేది. కాని దాన్ని పొందాలంటే ఆ విషయం ఆమె మూడో వ్యక్తికి చెప్పి ధ్రువీకరణ తెచ్చుకోవలసి వచ్చేది. పిల్లల సంఖ్యను షరతుగా పెట్టిన ప్రభుత్వం, ప్రతి బిడ్డ ఎలా పుట్టిందో అడగవలసిన స్థితికి చేరుతుందని చూపడానికి ఈ నిబంధన చాలు.

2021 జూలైలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ పరిమితి చట్టబద్ధమేనని తేల్చింది. పేదరికం మీద దాని ప్రభావం గురించిన చర్చ అంతటితో ఆగలేదు. పేద కుటుంబాల్లో మూడో కాన్పులు తగ్గాయా అని పరిశీలించిన పరిశోధకులు ఆ తగ్గుదల చాలా స్వల్పమని 2022లో ప్రకటించారు. జననాలు అంతగా తగ్గలేదు. పుట్టిన పిల్లల ఇంటి ఆదాయం మాత్రం తగ్గింది. చివరికి 2025 నవంబరు 26 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్, 2026 ఏప్రిల్ నుంచి ఈ పరిమితిని తొలగిస్తున్నట్టు ప్రకటించారు. దీనివల్ల ఆ పార్లమెంటు కాలం ముగిసేలోగా 4.5 లక్షల మంది పిల్లలు పేదరికం నుంచి బయటపడతారని ప్రభుత్వం అంచనా వేసింది.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో 1970లో డాండ్రిడ్జ్ వర్సెస్ విలియమ్స్ కేసులో సుప్రీంకోర్టు, కుటుంబం ఎంత పెద్దదైనా నెలకు 250 డాలర్లకు మించి ఇవ్వనన్న మేరీలాండ్ రాష్ట్ర నిబంధనను సమర్థించింది. 1992లో న్యూజెర్సీ రాష్ట్రం సాయం పొందుతున్న కాలంలో పుట్టిన బిడ్డకు అదనపు మొత్తం ఇవ్వకూడదని నిర్ణయించింది. ‘ఫ్యామిలీ క్యాప్’గా పేరుపడిన ఈ పద్ధతిని ఇరవైకి పైగా రాష్ట్రాలు అనుసరించాయి. తర్వాత చాలా రాష్ట్రాలు దాన్ని వదిలేశాయి. కాలిఫోర్నియా 2016లో, న్యూజెర్సీయే స్వయంగా 2020లో రద్దు చేశాయి. దీనికి భిన్నంగా 2021లో అమెరికా చైల్డ్ టాక్స్ క్రెడిట్‌ను ఏడాది పాటు పెంచి, ఆరేళ్లలోపు బిడ్డకు 3,600 డాలర్లు, పెద్ద పిల్లలకు 3,000 డాలర్ల చొప్పున ఇచ్చింది. పిల్లల పేదరికం రేటు ఆ ఏడాది 5.2 శాతానికి తగ్గింది. పెంపు ఆగిపోయాక 2022లో 12.4 శాతానికి చేరింది.

సింగపూర్ 1970లలో ఇద్దరితో ఆపమని ప్రచారం చేసింది. కాన్పు సంఖ్య పెరిగేకొద్దీ ప్రభుత్వాసుపత్రిలో ప్రసవ రుసుమును పెంచింది. జననాలు మరీ తగ్గడంతో 1987లో విధానాన్ని తిరగేసి, పోషించగలిగితే ముగ్గురిని గాని అంతకంటే ఎక్కువ మందిని గాని కనమంది. చైనా దశాబ్దాల పాటు అదనపు బిడ్డకు జరిమానాలు వేసింది. 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతిచ్చి, 2025 నుంచి మూడేళ్లలోపు ప్రతి బిడ్డకూ ఏడాదికి 3,600 యువాన్లు ఇస్తోంది. హంగరీ నలుగురు పిల్లల తల్లులకు 2020 నుంచి జీవితాంతం ఆదాయపన్ను మినహాయించింది. ఇందులో ఒక చిక్కుంది. పన్ను కట్టేంత ఆదాయం లేని పేద తల్లికి ఆ మినహాయింపు వల్ల ఒరిగేది ఏమీ లేదు.

బ్రెజిల్ ‘బోల్సా ఫమీలియా’ది మధ్యేమార్గం. 2023లో పునర్వ్యవస్థీకరించాక కుటుంబానికి కనీసం 600 రియళ్లు, ఆపైన ఏడేళ్లలోపు ప్రతి బిడ్డకూ 150 రియళ్లు చొప్పున కలుస్తున్నాయి. ఇంటి ఉమ్మడి ఖర్చుకు ఒక మొత్తం, బిడ్డ విడి ఖర్చుకు మరో మొత్తం. తూనికలు చెప్పే సూత్రానికి ఇది దగ్గరగా ఉంది.

భారతదేశంలో

భారతదేశంలో బిడ్డకింత అని అందరికీ ఇచ్చే జాతీయ భత్యం లేదు. పిల్లల సంఖ్య ప్రసక్తి ఎక్కువగా ప్రసూతి పథకాల్లో కనిపిస్తుంది. 1995లో మొదలైన జాతీయ ప్రసూతి ప్రయోజన పథకం కింద పేద తల్లికి మొదటి రెండు కాన్పులకే రూ.500 ఇచ్చేవారు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం గర్భిణులకూ బాలింతలకూ రూ.6,000కు తగ్గకుండా ప్రసూతి ప్రయోజనం ఇవ్వాలంటుంది. దాని అమలుకు 2017 నుంచి వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన యోజన, సాయాన్ని మొదటి సజీవ సంతానానికి రూ.5,000గా పరిమితం చేసింది. 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్ల అయితే రూ.6,000 ఇస్తున్నారు. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు ఇచ్చి, ఆపైన 12 వారాలే ఇచ్చింది.

ఇందుకు భిన్నమైన అడుగు జననీ సురక్షా యోజనలో పడింది. 2005లో ఆ పథకం మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో ఇద్దరు పిల్లల షరతు, 19 ఏళ్ల కనీస వయసు షరతు ఉండేవి. 2013లో కేంద్రం రెండింటినీ తొలగించింది. కాన్పుల సంఖ్య ఎక్కువైన స్త్రీకి రక్తహీనత, ప్రసవానంతర రక్తస్రావం ముప్పు ఎక్కువ. ఆసుపత్రికి రావలసిన అవసరం ఎక్కువగా ఉన్న తల్లిని షరతు పెట్టి ఇంటి దగ్గర ఆపడం తల్లిబిడ్డల ప్రాణాలకే ముప్పు.

రాష్ట్రాల స్థాయిలో అనర్హత పద్ధతి విస్తరించింది. రాజస్థాన్, హర్యానా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు 1990లలో ఇద్దరికి మించి పిల్లలున్నవారిని పంచాయతీ ఎన్నికల నుంచి దూరం పెట్టాయి. హర్యానా నిబంధనను 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. 2021లో ఉత్తరప్రదేశ్ న్యాయ కమిషన్ ముసాయిదా ఇద్దరు పిల్లల షరతును ప్రభుత్వ సంక్షేమ ప్రయోజనాలకూ విస్తరించాలంది. అది చట్టం కాలేదు. 2024లో అస్సాం ప్రభుత్వం మహిళా స్వయం ఉపాధి సాయానికి సాధారణ, ఇతర వెనకబడిన వర్గాల స్త్రీలకు ముగ్గురు, ఎస్సీ, ఎస్టీ స్త్రీలకు నలుగురు పిల్లల పరిమితి పెట్టింది.

తెలుగు రాష్ట్రాల్లో

పిల్లల సంఖ్యకూ సంక్షేమానికీ ఉన్న ముడి తెలుగువారికి రేషన్ కార్డు మీది యూనిట్ల రూపంలో బాగా పరిచయం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలుపెట్టినప్పుడు తలకు 5 కిలోలు, కుటుంబానికి గరిష్ఠంగా 25 కిలోలు అని గీత గీసింది. తర్వాతి కాలంలో తలకు 4 కిలోలు, ఇంటికి 20 కిలోలు గరిష్ఠ పరిమితిగా ఉండేది. దీని ప్రకారం అయిదుగురున్న ఇంట్లో ఒక్కొక్కరికి 4 కిలోలు దక్కితే, ఆరుగురి ఇంట్లో 3.3 కిలోలు, ఎనిమిది మంది ఇంట్లో రెండున్నర కిలోలే దక్కేవి. నలుగురు పిల్లలతో పాటు ముసలి అత్తమామలనూ పోషిస్తున్న ఇల్లు ఈ గీత దగ్గరే నష్టపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరి నుంచి కుటుంబ పరిమితిని ఎత్తేసి తలకు 6 కిలోల చొప్పున ఇవ్వడం మొదలుపెట్టింది. ఆరుగురి ఇంటికి 20 కిలోల చోట 36 కిలోలు వచ్చాయి.

అంత్యోదయ కార్డులో ఇదే సమస్య మరో రూపంలో ఉంది. ఇది నిరుపేదలకు ఇచ్చే కార్డు. నలుగురున్న ఇంటికి తలసరి 8.75 కిలోలు వస్తాయి. ఏడుగురైతే సరిగ్గా 5 కిలోలు. ఎనిమిదో మనిషి చేరితే, ఆహార భద్రత చట్టం కింద సాధారణ కార్డుదారుకు దక్కే 5 కిలోల కంటే నిరుపేదకు తక్కువ దక్కుతుంది.

చదువు సాయంలో ఇంటికింత, బిడ్డకింత అనే రెండు పద్ధతులూ ఆంధ్రప్రదేశ్‌లో ఒకదాని తర్వాత ఒకటి అమలయ్యాయి. 2020 జనవరిలో జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వం ప్రారంభించిన అమ్మఒడి కింద బడికి వెళ్లే పిల్లలున్న పేద తల్లికి ఏడాదికి రూ.15,000. ఇద్దరు చదువుతున్నా ముగ్గురు చదువుతున్నా అంతే. మొదటి ఏడాది సుమారు 42 లక్షల మంది తల్లులకు రూ.6,300 కోట్ల పైచిలుకు ఇచ్చారు. 2025 జూన్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం తల్లికి వందనం పేరుతో చదువుతున్న ప్రతి బిడ్డకూ రూ.15,000 ప్రకటించింది. ఇందులో రూ.2,000 బడి నిర్వహణకు పోగా రూ.13,000 తల్లి ఖాతాలో పడుతుంది. సుమారు 67 లక్షల మంది విద్యార్థులు లెక్కలోకి వచ్చి, మొత్తం వ్యయం రూ.10,000 కోట్లు దాటింది. ముగ్గురు బడి పిల్లల తల్లికి ఇది పెద్ద తేడా. పుస్తకాలు, యూనిఫాం, ఆటో కిరాయి ప్రతి బిడ్డకూ విడివిడిగా అయ్యే ఖర్చులు కాబట్టి ఈ పద్ధతికి హేతువుంది. ఖజానాకు అయ్యే ఖర్చు ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుందన్నదీ నిజమే.

తెలుగు ప్రాంతంలో ప్రసూతి సాయం మాత్రం చాలాకాలం రెండో కాన్పు దగ్గర ఆగింది. 2017 జూన్‌లో తెలంగాణలో మొదలైన కేసీఆర్ కిట్ కింద ఆడపిల్ల పుడితే రూ.13,000, మగబిడ్డ పుడితే రూ.12,000, అదీ రెండు కాన్పుల వరకే ఇచ్చేవారు. ఉమ్మడి రాష్ట్రంలో 2005 నాటి బాలికా సంరక్షణ పథకం ఒకరు లేదా ఇద్దరు ఆడపిల్లలతో ఆపి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న దంపతులకే వర్తించేది.

ఈ షరతుల వెనక ఉన్న జనాభా భయం ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో లేదు. 1992–93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 2.6గా ఉన్న సంతాన రేటు, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7కు, తెలంగాణలో 1.8కి తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. ఈ మార్పు భారాన్ని మోసింది స్త్రీలే. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను తొలగించే బిల్లులను ఆమోదించింది. 2025లో తెలంగాణ మంత్రివర్గమూ పంచాయతీ ఎన్నికలకు ముందు అదే నిర్ణయం తీసుకుంది. ఎక్కువ మందిని కనమని ముఖ్యమంత్రి స్థాయిలో పిలుపులు వినిపిస్తున్నాయి. నిన్నటి దాకా మూడో బిడ్డను శిక్షించిన చేతితోనే నేడు మూడో బిడ్డకు బహుమానం ఇస్తే, పేద ఇంట్లో పుట్టిన మొదటి బిడ్డ అవసరం మళ్లీ పక్కకు పోతుంది.

జననాలపై ప్రభావం

డబ్బు ఇస్తే పిల్లలు పెరుగుతారా, ఆపితే తగ్గుతారా అన్నదానిపై పరిశోధన ఒక్కమాట మీద లేదు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 1988 నుంచి 1997 వరకు ఇచ్చిన జనన బహుమానాలు, ముఖ్యంగా మూడో బిడ్డకు ఇచ్చిన పెద్ద మొత్తాలు, జననాలను పెంచాయని ఆర్థికవేత్త కెవిన్ మిలిగన్ పరిశోధన చూపింది. ఇజ్రాయెల్ భత్యాల హెచ్చుతగ్గులు కూడా జననాలను కొంత ప్రభావితం చేశాయి. పోలండ్ కథ వేరు. 2016లో నెలకు 500 జ్లోటీల పథకం రెండో బిడ్డ నుంచి మొదలైంది. 2017లో జననాలు 4 లక్షలు దాటాయి. 2019లో మొదటి బిడ్డకూ విస్తరించారు, 2024లో 800 జ్లోటీలకు పెంచారు. అయినా 2024లో జననాలు సుమారు 2.5 లక్షలకు పడిపోయాయి. పిల్లల పేదరికాన్ని తగ్గించడంలో మాత్రం ఆ పథకం పనిచేసింది.

మొత్తం మీద ప్రభావం ఉన్నా స్వల్పం, చాలాసార్లు తాత్కాలికం. ఆడపిల్లల చదువు, పెళ్లి వయసు, శిశుమరణాల తగ్గుదల, ఇంటి అద్దె, బిడ్డను చూసుకునే మనిషి దొరకడం, ఉద్యోగ భద్రత వంటివి కాన్పుల నిర్ణయం మీద ఎక్కువ పనిచేస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో సంతాన రేటు పడిపోయిన కాలంలోనే తలసరి బియ్యం పథకాలూ నడిచాయి.

అమలులో చిక్కులు

పిల్లల సంఖ్యను షరతుగా పెడితే ముందు ఎవరిని లెక్కించాలో తేలాలి. పుట్టి చనిపోయిన బిడ్డ లెక్కకు వస్తుందా? రెండో కాన్పులో కవలలు పుడితే? మొదటి పెళ్లి వల్ల కలిగిన పిల్లలు ఎవరి ఖాతాలోకి వస్తారు? ఈ చివరి చిక్కు 2025 మేలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తమిళనాడులో ఒక ప్రభుత్వ ఉపాధ్యాయినికి మొదటి పెళ్లి వల్ల కలిగిన ఇద్దరు పిల్లలు తండ్రి దగ్గర ఉన్నారు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని బిడ్డను కంటే, ఇది మూడో బిడ్డ అని ప్రసూతి సెలవు నిరాకరించారు. ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కులో భాగమని చెప్పి, న్యాయస్థానం ఆమెకు సెలవు ఇప్పించింది.

షరతు తప్పించుకునే దారులు ఇంకా బాధాకరమైనవి. పంచాయతీల్లో ఇద్దరు పిల్లల నిబంధన అమలుపై నిర్మలా బుచ్ నాయకత్వంలో ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో జరిగిన అధ్యయనం 2005లో ప్రచురితమైంది. బిడ్డను దత్తతకు ఇచ్చేయడం, భార్యను వదిలేయడం, గర్భస్రావం చేయించడం, పుట్టిన బిడ్డను దాచడం వంటివి అందులో బయటపడ్డాయి. హర్యానా 2002లో తెచ్చిన దేవీరూపక్ పథకం, ఒక్క బిడ్డతోగాని ఇద్దరు ఆడపిల్లలతోగాని ఆపిన దంపతులకు నెలనెలా డబ్బు ఇచ్చింది. పిల్లల సంఖ్య తగ్గిందిగాని, ఒక్క బిడ్డే చాలనుకున్నవారు మగబిడ్డను ఎంచుకోవడంతో ఆడపిల్లల నిష్పత్తి మరింత దిగజారిందని ఆర్థికవేత్త ఎస్. అనుకృతి పరిశోధన తేల్చింది. కొడుకు కావాలన్న కోరిక బలంగా ఉన్న సమాజంలో పిల్లల సంఖ్య మీద షరతు పడితే దాని దెబ్బ ఆడబిడ్డకు తగులుతుంది.

వాదనలు, మదింపు

పరిమితిని సమర్థించేవారి వాదనల్లో బలం లేకపోలేదు. ప్రభుత్వ వనరులకు హద్దుంది. ఇంటికింత అని ఇస్తే అదే డబ్బుతో ఎక్కువ ఇళ్లకు అందించవచ్చు. చిన్న కుటుంబంతో సరిపెట్టుకున్నవారు, పెద్ద కుటుంబాలకు అయ్యే ఖర్చు తామెందుకు మోయాలని అడగడం సహజం. దక్షిణాది రాష్ట్రాలు జనాభా నియంత్రణ పాటించి కేంద్ర నిధుల్లో, లోక్‌సభ స్థానాల్లో నష్టపోతున్నామని చెప్పే మాటలో కూడా ఇదే బాధ ఉంది.

ఆ బాధకు మందు మూడో బిడ్డ పళ్లెంలో కోత కాదు. వనరులు తక్కువైతే ఆదాయాన్ని బట్టి అర్హత పెట్టవచ్చు. బ్రెజిల్ చేసినట్టు ఇంటికి ఒక మొత్తం, బిడ్డకు మరో మొత్తం కలపవచ్చు. బిడ్డ వయసును బట్టి మొత్తాన్ని మార్చవచ్చు. రాష్ట్రాల మధ్య న్యాయం కావాలంటే ఆర్థిక సంఘం సూత్రాల్లో సరిచేయవచ్చు. వీటిలో ఏదీ ఇంట్లో ఒక బిడ్డను మరో బిడ్డ కంటే తక్కువగా చూడదు. 1992లో భారతదేశం చేరిన బాలల హక్కుల ఒడంబడిక, పుట్టుక కారణంగా గాని తల్లిదండ్రుల స్థితిని బట్టి గాని బిడ్డ పట్ల వివక్ష చూపరాదంటుంది. వరుసలో ఎన్నోదిగా పుట్టాలో ఏ బిడ్డా ఎంచుకోదు.

కాబట్టి బిడ్డ కోసం ఇచ్చే సాయం బిడ్డకింత అని లెక్కకట్టడం, తల్లి ప్రాణానికి సంబంధించిన ప్రసూతి సాయానికి కాన్పుల సంఖ్య షరతును తీసేయడం, కుటుంబ పరిమాణం గురించిన లక్ష్యాలను చదువుకూ వైద్యానికీ శిశు సంరక్షణ కేంద్రాలకూ వదిలేయడం న్యాయమైన మార్గం. బియ్యంలో తెలుగు రాష్ట్రాలు, బడి సాయంలో ఆంధ్రప్రదేశ్ ఈ దారి పట్టాయి. కొత్తగా పుట్టిన బిడ్డ పేరు రేషన్ కార్డులో జాప్యం లేకుండా చేర్చడం, అంత్యోదయలో పెద్ద కుటుంబాలకు తలసరి హామీ ఇవ్వడం, మాతృవందనను ప్రతి కాన్పుకూ విస్తరించడం ఇంకా మిగిలిన పనులు. ఇందులో మొదటిది రాష్ట్రాల చేతిలో ఉంది, చివరిదానికి కేంద్రం ముందుకు రావాలి.